ఏటి యొండ్రు

ఇండుపగింజ నరగదీసి కడవలో గలిపినచో బురద యడుగంటి నీరు తేటపడును. తేటనీరే మంచినీరని మన తలంపు. బురద దోషము, తేట గుణము అను నీ విభాగము కంటికి సులభమే కాని, యేళ్ల చరిత్ర దీనిని పూర్తిగా నంగీకరింపదు.

ఎరువులోని అమ్మోనియాను మట్టి పట్టి నిలుపుకొనునని 1850లో ఇంగ్లండున జె. థామస్ వే యను రసాయనశాస్త్రజ్ఞుడు ప్రయోగపూర్వకముగా ప్రకటించెను. భాస్వరమును మట్టి యింకను గట్టిగా బట్టుకొనును. వానకు గొట్టుకొనిపోయి యేటి నడుగున జేరినను మట్టి యీ స్వభావమును విడువదు. నీటిలో భాస్వరము మిక్కుటమైనపుడు ఒండ్రు దానిని గ్రహించును; నీటిలో నది తగ్గినపుడు మరల వెలువరించును. ఒండ్రు గాదె వంటిది: సమృద్ధిలో దాచును, కొఱతలో దీయును. ప్రాణవాయువు లేనిచోట ఇనుముతో గూడియున్న భాస్వరము సయితము విడివడి నీట గలియును. అయినను ఆ చీకటి బురదయే యొక మేలును జేయుచున్నది. అందలి సూక్ష్మజీవులు పొలములనుండి వచ్చిన నత్రితమును నత్రజనిగా మార్చి గాలిలోనికి బంపును.

ఈ ధర్మమును గుర్తింపకపోయిన నేమగునో అమెరికాలోని మామీ నది చెప్పుచున్నది. దాని పరీవాహకమున నుండిన గొప్ప నల్లచిత్తడిని పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున గాలువలు త్రవ్వి యారబెట్టి సేద్యమునకు దెచ్చిరి. నీటిని నిలిపి యొండ్రును దింపుచుండిన చిత్తడి పోయెను. పొలముల నీరు నేరుగా ఈరీ సరస్సును జేరజొచ్చెను. 1960 ప్రాంతమున సరస్సు నాచుతో నిండెను. 1972లో అమెరికా, కెనడాలు ఒడంబడిక చేసికొని పట్టణముల మురుగునీటి భాస్వరమును దగ్గించినవి. మట్టి కొట్టుకొనిపోకుండుటకై రైతులు దుక్కి తగ్గించిరి. సరస్సు కోలుకొనెను.

సంస్కారము ఫలించినదని యందఱు సంతసించిరి. కాని 1990 తరువాత నీట గరగిన భాస్వరము మరల హెచ్చసాగెను. దున్నని నేలపై జల్లిన యెరువు పైపొరలోనే నిలిచి, వాననీటితో భూగర్భపు గొట్టములగుండ బాఱుట యొక కారణమని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. మట్టి నిలిచినది, విషమునకు మూలమైన సారము మాత్రము తేటనీటితో దాటిపోయినది! 2014 ఆగస్టు 2న టొలీడో నగరమున 4 లక్షలకు పైబడిన జనులు కొళాయినీటిని త్రాగరాదని యధికారులు శాసించిరి. ఆ నాచువిషము కాచినను నశింపదు. పసిబిడ్డకు బాలు కలుపనైన నీరు లేని తల్లి యవస్థ నూహింపుడు.

రైతును నిందించుట న్యాయము గాదు. చెప్పిన హితమునే యతడు చేసెను. ఒక దోషమును మాన్పిన మాత్రమున బని ముగిసినదని తలంచుటయే లోపము. 2008 నాటి ప్రమాణములో నూటికి 40 వంతులు భాస్వరము తగ్గింపవలెనని 2016లో నారెండు దేశములు నిశ్చయించినవి. అయినను నేలలోను ఏటిలోను బేరుకొన్నది యొక్కనాట దీఱదు. నేటి యేరు నిన్నటి యెరువును మోయుచుండును.

మన పెద్దలు వేసవిలో చెరువుమన్ను త్రవ్వి బండ్లతో బొలములకు దోలుచుండిరి. 2015లో తెలంగాణమున మిషన్ కాకతీయ యీ యాచారమును బునరుద్ధరించెను. పొలము పోగొట్టుకొన్న దానిని బొలమునకే యప్పగించుట యిది. మన్ను చేరిన చేనికి, నేలను బరీక్షించి, అంతమేర యెరువు తగ్గించిననే యీ పుణ్యము పూర్తియగును. లేనిచో అప్పు తీర్చినట్లే తీర్చి మరల జేసినవారమగుదుము.