నగరంలో డిస్కౌంట్ స్టోర్లు: కూరగాయల రైతులు సరుకు ఇచ్చే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు

హైదరాబాద్ చుట్టూ రంగారెడ్డి, వికారాబాద్, సంగారెడ్డి, సిద్దిపేట, మేడ్చల్ జిల్లాల్లో కూరగాయలు పండించే రైతుకు పదిహేను ఇరవై ఏళ్ల కిందట సరుకు అమ్మడానికి రెండు మూడు దారులే ఉండేవి. బోయిన్‌పల్లి, గుడిమల్కాపూర్ లాంటి మార్కెట్ యార్డులో కమీషన్ ఏజెంటుకు ఇవ్వడం, రైతుబజారులో స్వయంగా అమ్ముకోవడం, ఊరి అంగడిలో పెట్టుకోవడం. ఇప్పుడు నగరంలో ప్రతి పెద్ద కాలనీకీ ఒక పెద్ద స్టోరు వచ్చింది. వాటికి కూరగాయలు అందించే కలెక్షన్ సెంటర్లు చేవెళ్ల, వంటిమామిడి లాంటి చోట్ల మన పొలాల దగ్గరికే వచ్చాయి.

ఈ సెంటర్లకు సరుకు ఇస్తే లాభమా, నష్టమా అని చాలామంది రైతులు అడుగుతున్నారు. దీనికి అందరికీ ఒకే జవాబు లేదు. మీ పంటలో ఎంత సరుకు వాళ్లు తీసుకుంటారు, డబ్బు ఎన్ని రోజులకు ఇస్తారు, మిగిలిన సరుకును మీరు ఎక్కడ అమ్ముతారు అనే మూడు లెక్కల మీద అది ఆధారపడి ఉంటుంది.

ఈ స్టోర్లు ఎలా వచ్చాయి?

పెద్ద దుకాణాల వ్యాపారంలో హైదరాబాద్ ముందు నుంచీ ఉంది. దేశంలోని తొలి హైపర్‌మార్కెట్లలో ఒకటి 2000 దశకం మొదట్లోనే ఇక్కడ తెరిచారు. 2006 చివర్లో రిలయన్స్ ఫ్రెష్ తన మొదటి దుకాణాలను హైదరాబాద్‌లోనే ప్రారంభించింది. త్రినేత్ర దుకాణాలను ఆ తర్వాత ఆదిత్య బిర్లా గ్రూపు కొనుక్కుని ‘మోర్’ పేరుతో నడిపింది. 2002లో ముంబైలో మొదలైన డీమార్ట్ కూడా తర్వాత మన నగరంలో విస్తరించింది.

స్టోర్లన్నీ ఒకే రకం కావు. రైతు ఈ తేడా గమనించాలి.

- కిరాణా ప్రధానంగా ఉండే డిస్కౌంట్ స్టోర్లు: బియ్యం, పప్పులు, నూనె, సబ్బులు, బట్టలు, సామాన్లు ఎక్కువగా అమ్ముతాయి. వీటికి మీ సరుకు మిల్లరు, ప్యాకింగ్ చేసేవాళ్ల ద్వారానే చేరుతుంది.
- తాజా కూరగాయలు అమ్మే సూపర్‌మార్కెట్లు: సొంత కలెక్షన్ సెంటర్ల ద్వారా గానీ, టోకు సరఫరాదారుల ద్వారా గానీ కొంటాయి. కూరగాయల రైతుకు నేరుగా సంబంధం ఉండేది వీటితోనే.
- టోకు స్టోర్లు: కిరాణా దుకాణాలకు, హోటళ్లకు, క్యాంటీన్లకు అమ్ముతాయి.

తక్కువ ధరకు ఎలా అమ్మగలుగుతున్నారు?

ఒకేసారి పెద్ద మొత్తంలో కొంటారు, తక్కువ లాభం వేసుకుని ఎక్కువ సరుకు తిప్పుతారు, మధ్యలో చేతులు మారే ఖర్చు తగ్గించుకుంటారు. కొన్నిసార్లు జనాన్ని దుకాణంలోకి రప్పించడానికి ఉల్లి, టమాటా లాంటి వాటిని కొన్న ధరకే, అంతకంటే తక్కువకే కూడా పెడతారు. అందుకే స్టోరులో ధర బోర్డు చూసి మీకు రావాల్సిన ధరను అంచనా వేయకండి. అక్కడ ధర తగ్గితే రైతుకు తగ్గించారనీ కాదు, పెరిగితే రైతుకు పెంచారనీ కాదు.

కలెక్షన్ సెంటరు ధర సాధారణంగా ఆ రోజు లేదా ముందు రోజు మార్కెట్ యార్డు ధరను ఆధారం చేసుకునే ఉంటుంది. అంటే యార్డులో ధర పడిపోతే సెంటరులోనూ పడిపోతుంది. సెంటరుకు ఇస్తున్నాం కాబట్టి ధర పడిపోయే ప్రమాదం తప్పిందని అనుకోకూడదు.

సెంటరుకు ఇస్తే రైతుకు కలిగే మేలు

- రవాణా ఖర్చు, రాత్రి ప్రయాణం తగ్గుతాయి.
- కమీషన్, హమాలీ ఖర్చులు సాధారణంగా ఉండవు.
- ఎలక్ట్రానిక్ కాటా మీద తూకం వేస్తారు. బస్తాకింత అని తరుగు తీయడం ఉండదు.
- డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ లెక్క తర్వాత పంట రుణానికి కూడా పనికొస్తుంది.

ఇబ్బందులు

- మొదటి రకం సరుకే తీసుకుంటారు. వంకర, మచ్చ, పుచ్చు, ముదురు, చిన్నకాయ వెనక్కి వస్తాయి.
- రోజుకు ఎంత కావాలో ముందు రోజు సాయంత్రమే చెబుతారు. అవసరం తగ్గితే కోసిన కాయ మీ దగ్గరే ఉండిపోతుంది.
- చాలా చోట్ల రాతపూర్వక ఒప్పందం ఉండదు. ఈ రోజు తీసుకున్నారని రేపు తీసుకోవాలన్న నిబంధన లేదు.
- గ్రేడింగ్ ఖర్చు మీదే.

లెక్క వేసి చూద్దాం

500 కిలోల టమాటాకు ఉదాహరణగా ఒక లెక్క చూడండి. ధరలు, ఖర్చుల చోట మీ ఊరి అంకెలు వేసుకోండి.

*మార్కెట్ యార్డుకు తీసుకెళితే:* మంచిది, నాసిది కలిపి కిలో సగటున 18 రూపాయలకు పోయిందనుకుందాం. మొత్తం 9,000 రూపాయలు. వాహనం కిరాయి 900, కమీషన్ 4 శాతం చొప్పున 360, హమాలీ తదితరాలు 240. ఖర్చు 1,500 పోగా చేతికి వచ్చేది 7,500 రూపాయలు.

*కలెక్షన్ సెంటరుకు ఇస్తే:* తీసుకున్న సరుకుకు కిలో 20 రూపాయలు, వెనక్కి వచ్చినదాన్ని బయట కిలో 10 రూపాయలకు అమ్మారనుకుందాం. గ్రేడింగ్ కూలీ, సెంటరుకు రవాణా, మిగిలిన సరుకును మళ్లీ మోసుకెళ్లడం కలిపి ఖర్చు 1,100 రూపాయలు.

- 450 కిలోలు తీసుకుంటే: 9,000 + 500 – 1,100 = 8,400 రూపాయలు
- 350 కిలోలు తీసుకుంటే: 7,000 + 1,500 – 1,100 = 7,400 రూపాయలు
- 250 కిలోలు తీసుకుంటే: 5,000 + 2,500 – 1,100 = 6,400 రూపాయలు

కిలో 20 రూపాయల ధర మూడుసార్లూ ఒకటే. మారింది వాళ్లు తీసుకున్న సరుకు మాత్రమే. ఈ లెక్క ప్రకారం 500 కిలోల్లో కనీసం 360 కిలోలు, అంటే నూటికి 72 వంతులు తీసుకుంటేనే యార్డుతో సమానం అవుతుంది. అంతకు తగ్గితే యార్డే మేలు. కాబట్టి సెంటరులో ‘కిలో ఎంత?’ అని అడగడంతో ఆపకుండా ‘నూటికి ఎంత తీసుకుంటారు?’ అని కూడా అడగండి. ఒక నెలపాటు రోజూ ఎంత తీసుకెళ్లారు, ఎంత తీసుకున్నారు, ఎంత వెనక్కి వచ్చింది అనేది నోటు పుస్తకంలో రాసుకోండి. మీ నిర్ణయానికి ఆ పుస్తకమే ఆధారం.

తీసుకునే సరుకు పెరగాలంటే

1. విడతలుగా విత్తండి. ఎకరం మొత్తం ఒకేసారి వేస్తే ఒకేసారి కోతకొస్తుంది, సెంటరు అంత తీసుకోదు. పాతిక సెంట్ల చొప్పున 10–15 రోజుల తేడాతో వేస్తే రోజూ కొంత సరుకు వస్తుంది. కొత్తిమీర, పాలకూర వారానికో మడి చొప్పున విత్తుకోవాలి.
2. పందిరి వేయండి. బీర, కాకర, సొర నేల మీద పాకితే కాయ వంకర పోతుంది, మచ్చ పడుతుంది. పందిరి మీద కాయ నిటారుగా, శుభ్రంగా ఉంటుంది.
3. కోత సమయం పాటించండి. బెండను ముదరకముందే, రోజు విడిచి రోజు కోయాలి. దూరం వెళ్లే టమాటాను రంగు తిరిగే దశలోనే కోయాలి. ఎండ ఎక్కకముందే కోత ముగించి సరుకును నీడలో ఉంచాలి.
4. బస్తాలు వద్దు, ట్రేలు వాడండి. బస్తాలో కింది కాయ నలుగుతుంది. ట్రేలో తలకట్టు నిండా కుక్కకుండా నింపాలి.
5. మందు కొట్టిన వెంటనే కోయకండి. డబ్బా మీద రాసిన ఆఖరి పిచికారీకి, కోతకు మధ్య ఉండాల్సిన రోజుల గడువు తప్పక పాటించాలి. మందు అవశేషాలు పరిమితికి మించితే సరుకు తిరిగి రావడమే కాదు, తినేవారి ఆరోగ్యానికీ ముప్పు. ఏ మందు ఏ తేదీన కొట్టారో రాసిపెట్టుకోండి.

సరుకు ఇచ్చే ముందు అడగాల్సినవి

- ధర ఏ మార్కెట్టును బట్టి, ఏ పూట నిర్ణయిస్తారు?
- డబ్బు ఎన్ని రోజులకు ఖాతాలో పడుతుంది?
- నాణ్యత తూకానికి ముందు చూస్తారా, తర్వాతా? నగరానికి వెళ్లాక పాడైందని డబ్బు కోస్తారా?
- ట్రేలు ఎవరివి? పగిలితే ఎవరు భరించాలి?
- ఆర్డరు చెప్పి తీసుకోకపోతే ఏం చేస్తారు?

వీటిని కాగితం మీద రాయించుకోగలిగితే మంచిది. లేకపోతే ఆర్డరు ఫోన్ సందేశంలో పంపమని అడిగి, దాన్ని తీసేయకుండా దాచుకోండి. యార్డులో తక్‌పట్టీ ఎలా తీసుకుంటారో, ఇక్కడ కూడా తేదీ, బరువు, ధర ఉన్న రసీదు ప్రతిరోజూ తీసుకోవాలి. కాటా మీద తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడండి. తూకంలో అనుమానం ఉంటే ఆ శాఖకే ఫిర్యాదు చేయవచ్చు.

బాకీ పెరగనివ్వకండి

పెద్ద బోర్డు ఉంది కాబట్టి డబ్బు ఎక్కడికీ పోదనుకోవడం పొరపాటు. చెన్నై కేంద్రంగా 1997లో మొదలైన సుభిక్ష అనే డిస్కౌంట్ దుకాణాల సంస్థ దేశమంతటా 1,600 పైగా దుకాణాలకు విస్తరించి, డబ్బు కొరతతో 2009లో మూతపడింది. బిగ్‌బజార్ నడిపిన ఫ్యూచర్ రిటైల్ అప్పులు తీర్చలేక 2022లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఇలా జరిగినప్పుడు బ్యాంకుల వంతు తీరాక గానీ సరుకు ఇచ్చినవారి వంతు రాదు.

యజమానులు మారడం కూడా మామూలే. వాల్‌మార్ట్ ఇండియా టోకు వ్యాపారం 2020లో ఫ్లిప్‌కార్ట్ చేతికి, మెట్రో క్యాష్ అండ్ క్యారీ 2023లో రిలయన్స్ చేతికి వెళ్లాయి. యజమాని మారితే కొనుగోలు పద్ధతి, డబ్బు ఇచ్చే గడువు కూడా మారవచ్చు.

అందుకే ఒక గీత గీసుకోండి. వారం రోజుల సరుకు డబ్బుకు మించి బాకీ పెరిగితే, పాతది వచ్చేదాకా కొత్త సరుకు ఇవ్వకండి. గట్టిగా అడిగితే రేపటి నుంచి తీసుకోరేమో అనే భయం సహజమే. కానీ నెల రోజుల బాకీ మునిగితే చిన్న రైతు తర్వాతి పంటకు విత్తనం కొనలేడు.

పాత దారులు మూసుకోవద్దు

సెంటరు వచ్చిందని యార్డులో పాత పరిచయం, రైతుబజారు గుర్తింపు కార్డు వదులుకోకండి. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతుబజార్లలో నేటికీ వినియోగదారుడు నేరుగా మీ చేతికే డబ్బు ఇస్తాడు. వంకర బీరకాయ అక్కడ అమ్ముడుపోతుంది, స్టోరులో పోదు. సరుకులో సగానికి మించి ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడకుండా చూసుకోవడం క్షేమం. తోపుడు బండ్లవారు, చిన్న దుకాణాలవారు కూడా మీ కొనుగోలుదారులే. ధర రెండు రూపాయలు తగ్గినా, రెండో రకం సరుకు కొనేది వాళ్లే.

ఒక్కరుగా కాదు, కలిసి

అరెకరం రైతు ఒక్కడే వెళ్లి షరతులు మాట్లాడితే ఎవరూ వినరు. ఇరవై మంది కలిసి రోజుకు రెండు టన్నులు ఇవ్వగలమంటే మాట వింటారు. గ్రేడింగ్ షెడ్డు, ట్రేలు, ఆటో ట్రాలీ కలిసి పెట్టుకుంటే ఒక్కొక్కరి ఖర్చు తగ్గుతుంది. మిగిలిన సరుకంతా ఒకే బండిలో యార్డుకు పంపవచ్చు.

కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రారంభించిన 10 వేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకంలో, మైదాన ప్రాంతాల్లో కనీసం 300 మంది సభ్యులుండాలి. సంఘం నిర్వహణకు మూడేళ్లలో 18 లక్షల రూపాయల వరకు, వాటాధనానికి జోడింపుగా సభ్యునికి 2,000 రూపాయల చొప్పున గరిష్ఠంగా 15 లక్షల వరకు సాయం నిర్ణయించారు. గ్రేడింగ్ షెడ్డు, శీతల గది లాంటి వాటికి వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారా అనేది మీ వ్యవసాయ విస్తరణాధికారిని, ఉద్యాన అధికారిని, బ్యాంకును అడిగి తెలుసుకోండి. మీ మండలంలో ఇప్పటికే సంఘం ఉంటే కొత్తది పెట్టడం కంటే అందులో చేరడం సులువు.

కంది రైతులకు ఒక మాట

కిరాణా డిస్కౌంట్ స్టోర్లకు కందులు కాదు, పప్పు కావాలి. సంఘంగా పప్పు ఆడించి ప్యాకెట్లు కట్టాలంటే ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు తీసుకోవాలి. ప్యాకెట్ మీద సరుకు పేరు, ప్యాక్ చేసినవారి చిరునామా, నికర బరువు, ప్యాక్ చేసిన నెల, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయాల్సిన ఫోన్ నంబరు ముద్రించాలి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలాంటి పేరున్న సరుకును ఊరూపేరూ లేని పప్పులో కలిపి అమ్ముకుంటే ఆ గుర్తింపు వల్ల రైతుకు వచ్చేదేమీ ఉండదు.

గుర్తుంచుకోండి

- కిలో ధరతో పాటు, నూటికి ఎంత తీసుకుంటున్నారో లెక్క చూడండి.
- రోజూ రసీదు తీసుకోండి. వారానికి మించి బాకీ ఉంచకండి.
- సగానికి మించి సరుకు ఒక్కరికే ఇవ్వకండి.
- మొదటిసారి ఇచ్చేటప్పుడు పాతిక సెంట్ల పంటతో మొదలుపెట్టండి. ఒక నెల లెక్క చూసుకున్నాకే, తర్వాతి పంటకు ఎంత విస్తీర్ణం వేయాలో నిర్ణయించుకోండి.