తప్పుల లెక్క రాసిన సర్జన్

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో సర్జన్లకు పైపదవులు సీనియారిటీని బట్టే దక్కేవి. ప్రతి రోగికీ కార్డు రాసి, ఏడాది గడిచాక చికిత్స ఫలించిందో లేదో చూడాలని, పదవులకు ఆ ఫలితాలే కొలమానం కావాలని అక్కడి సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ పట్టుబట్టాడు. పెద్దలు పెడచెవిన పెట్టారు. ఆయన 1911లో సొంత ఆసుపత్రి తెరిచాడు, 1914లో పాత కొలువు వదిలేశాడు.

1916 దాకా తన ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లిన 337 మంది రోగుల చికిత్సలో దొర్లిన 123 పొరపాట్లను, తనవి కూడా దాచకుండా, అచ్చువేయించాడు. అయితే మనిషి నెమ్మదస్తుడేమీ కాదు: 1915లో నిండు సభలో తోటి వైద్యులను ఎగతాళి చేసే బొమ్మ ప్రదర్శించి స్థానిక వైద్యసంఘంలో పదవి పోగొట్టుకున్నాడు. ఫలితాలను లెక్కగట్టాలన్న ఆయన పట్టుదల అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ చేపట్టిన ఆసుపత్రుల ప్రమాణాల కార్యక్రమానికి ఊపిరిపోసింది. వైద్య కళాశాలల్లో మరణాలను, చికిత్సా లోపాలను విద్యార్థుల ఎదుటే చర్చించే సమావేశాలకూ ఆ ఆలోచనతో చుట్టరికముంది.