ఓడలు పోయిన చోట మడ

మా కోరంగి పేరు ఒకప్పుడు బంగాళాఖాతానికి ఆవల కూడా తెలుసు. ఇక్కడ ఓడలు కట్టేవారు, దెబ్బతిన్నవాటిని బాగుచేసేవారు. ఏ రేవు నుంచి వెళ్లిన తెలుగువాళ్లనైనా బర్మాలో కోరంగీలనే పిలిచేవారు. ఆ రేవు పక్కనే ఇవాళ మడ అడవి.

ఊరిని ఉప్పెన చంపిందని అందరూ చెబుతారు. 1789 డిసెంబరులో ఒకదాని వెనక ఒకటిగా మూడు పెద్ద కెరటాలు విరుచుకుపడ్డాయి. 1839 నవంబరు తుపాను మళ్లీ తుడిచిపెట్టింది. అప్పుడు మూడు లక్షల మంది పోయారని పుస్తకాలు రాస్తాయి. నాకు మాత్రం ఆ లెక్క నమ్మబుద్ధి కాదు. ఈ రేవులో అంత జనం ఎక్కడిది?

నన్నడిగితే, ఉప్పెన కొట్టిన దెబ్బ నుంచి రేవు కోలుకోనీయకుండా చేసింది గోదావరి ఒండ్రు. మొగ పూడిపోయింది, పెద్ద ఓడలు కాకినాడకు మళ్లాయి. రేవును పూడ్చిన ఆ బురదలోనే మడ వేళ్లూనింది. నది తెచ్చిన ఇసుకే ఉత్తరంగా సాగి హోప్ ఐలాండ్ అయింది. దాని చాటున కాకినాడ రేవు నిలిచింది; ఆ చాటు లేని ఉప్పాడను సముద్రం ఏటా కోసుకుపోతోంది.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. వేటకు వెళ్లిన మత్స్యకారులు వందల్లో తిరిగిరాలేదు. నడిసముద్రంలో ఉన్న పడవను మడ కాపాడలేదు. ఒడ్డుకొచ్చే కెరటం జోరును మాత్రం దాని వేర్లూ కాండాలూ విరుస్తాయి. ఆ పనిలో అదీ గాయపడుతుంది. గాలికి కొమ్మ విరిగితే పరవాలేదు, మళ్లీ చిగురిస్తుంది. ఉప్పెన తెచ్చిన ఇసుక ఊపిరి వేర్లను కప్పేస్తే చెట్టు నిలువునా ఎండిపోతుంది. ఉప్పునీరు పల్లంలో నిలిచి ఇగిరిపోతే నేల చౌడెక్కి మొలక రాదు. అటువంటి చోట్ల అటవీశాఖవారు చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి పోటునీరు వచ్చిపోయేలా చేశారు. మడ లేచింది. 1978లో అభయారణ్యంగా ప్రకటించడం కంటే ఈ కాలువలే ఎక్కువ మేలు చేశాయని నా అభిప్రాయం.

కానీ కాలువ నీటినే తెస్తుంది. ఎగువ ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోతోంది, డెల్టాకు చేరేది తగ్గింది. జలాశయానికి ఎన్ని టీఎంసీలు వచ్చాయో రోజూ చెబుతారు. కోరంగికి ఎంత ఒండ్రు దిగిందో కూడా ఏటా కొలిచి మా తీర గ్రామాల పంచాయతీల్లో చెప్పాలి.