ఆసరా అవసరమైన వయోజనుల రక్షణ: కెనడా

వయసు, వైకల్యం, జబ్బు, పరాధీనత వల్ల తమను తాము కాచుకోలేని పెద్దవాళ్లను వేధింపు, నిర్లక్ష్యం, ఆర్థిక దోపిడీల నుంచి కాపాడే ఏర్పాటు. కెనడాలో ఇందుకు దేశమంతటికీ ఒకే చట్టం లేదు. ఒక్కో ప్రావిన్సుది ఒక్కో దారి. ఒంటారియోలో మేధో వైకల్యం ఉన్నవారికి సేవలందించే సంస్థ, నేరం కాగల వేధింపును వెంటనే పోలీసులకు తెలపాలి. వాళ్ల దర్యాప్తు ముగిసేదాకా సొంత విచారణ మొదలుపెట్టకూడదు.

ఉద్యోగులను, స్వచ్ఛంద సేవకులను చేర్చుకునేముందు ఇలాంటి సంస్థలు పోలీసుల ‘వల్నరబుల్ సెక్టర్ చెక్’ (నేరచరిత్ర తనిఖీ) అడగడం మామూలు. క్షమాభిక్ష పొందిన లైంగిక నేరాలు కూడా ఇందులో బయటపడవచ్చు. ఎన్నడూ కేసు పడని పెద్దమనిషిని మాత్రం ఇది పట్టుకోలేదు.

అలాంటి ఉదంతమే లార్ష్ సంస్థది. మేధో వైకల్యం ఉన్నవారూ లేనివారూ ఒకే ఇంట్లో కలిసి బతికే ఈ పద్ధతిని, కెనడా గవర్నర్ జనరల్‌గా పనిచేసిన జార్జ్ వానియే కుమారుడు జాన్ వానియే 1964లో ఫ్రాన్సులో ప్రారంభించాడు. 1969లో ఒంటారియోలోని రిచ్‌మండ్ హిల్‌లో ‘డేబ్రేక్’, 1970లో బెంగళూరులో ‘ఆశా నికేతన్’ వెలిశాయి. జనం ఆయన్ను మహాత్ముడిగా చూశారు. 2019లో ఆయన చనిపోయాక నిజం వెలికివచ్చింది. ఆధ్యాత్మిక మార్గదర్శనం పేరిట ఆరుగురు స్త్రీలను లైంగికంగా వాడుకున్నాడని 2020లో, బాధితులు కనీసం 25 మంది అని 2023లో నివేదికలు తేల్చాయి. వారు మేధో వైకల్యం లేనివారు. అంటే చట్టం లెక్కలో ‘ఆసరా అవసరమైనవారు’ కానక్కరలేదు. గురువు మీది నమ్మకమే వారిని నిస్సహాయులను చేసింది. ఈ దర్యాప్తులు చేయించి, ఫలితాలు బయటపెట్టింది లార్షే కావడం దాని ఘనత. కెనడాలో వానియే పేరు పెట్టుకున్న పలు పాఠశాలలు ఆ తరవాత పేరు మార్చుకున్నాయి.