దేహమే గ్రంథము

నాటకము వ్రాతప్రతిలో నిలుచును; పాట స్వరలిపిలో నిలుచును. నృత్యమునకు మాత్రము నర్తకుని దేహమే గ్రంథము. అమెరికా నాట్యాచార్యుడు జెరోమ్ రాబిన్స్, 1944 మొదలు 1964 వరకు న్యూయార్కు బ్రాడ్వే సంగీతనాటకములకు కూర్చిన నృత్యములు పెక్కు, ప్రదర్శనలు ముగిసిన పిమ్మట మరుగున పడెను. వానిని ఒకే ప్రదర్శనగా పునరుద్ధరింప సంకల్పించి, ఆయన తొలినాటి నర్తకులను మరల పిలిపించెను. ఒకరు మరచిన అడుగును వేరొకరు జ్ఞప్తికి దెచ్చిరి. 1947 నాటి ‘హై బటన్ షూస్’ లోని హాస్యనృత్యము అట్లే తిరిగి రూపొందెను.

62 మంది కళాకారులతో ‘జెరోమ్ రాబిన్స్ బ్రాడ్వే’ 1989 ఫిబ్రవరి 26న ప్రారంభమై, 633 మారులు ప్రదర్శింపబడెను. ఆ యేటి ఉత్తమ సంగీతనాటకముగా టోనీ పురస్కారము నందెను.

రాబిన్స్ 1998లో గతించెను. ఆ ప్రయత్నము ఇంకను జాగైనచో, స్మరించి చెప్పువారే కరవైయుందురు. ఎరిగినవారు ఉండగనే నేర్చుకొనుట కళారక్షణకు తొలి మెట్టు.