పేరు లేని వైరస్‌ని పట్టుకోవడానికి ఎన్నేళ్లు పట్టింది? హెపటైటిస్ సి కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక వైరస్ కథ చెప్పుకుందాం.

మన ఇళ్లల్లో ఎవరికైనా కళ్లు పచ్చబడితే ఫస్ట్ వినిపించే మాట ఏంటి? "కామెర్లు వచ్చినట్టున్నాయి, ఫలానా ఊళ్లో పసరు పోస్తారు, తీసుకెళ్లండి" అంటారు. పసరు తాగిన కొన్ని వారాలకి తగ్గిపోతుంది కూడా. ఎందుకంటే కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది. పేరు మాత్రం పసరుకి వస్తుంది.

కానీ మనం మాట్లాడుకునే వైరస్ అలాంటిది కాదు. ఇది రక్తం ద్వారా వస్తుంది. చాలామందిలో కళ్లు పచ్చబడవు, జ్వరం కూడా రాదు. లివర్‌లో 20, 30 ఏళ్లు చప్పుడు లేకుండా కూర్చుంటుంది. బయటపడేసరికి లివర్ గట్టిపడిపోయి ఉంటుంది, కొందరికి క్యాన్సర్ కూడా వస్తుంది. మరి లక్షణాలే లేని రోగాన్ని అసలు ఎలా కనిపెట్టారు?

కథ అమెరికాలో మొదలవుతుంది. 1960ల్లో బారుక్ బ్లంబర్గ్ అనే సైంటిస్ట్, ఆయనతో కలిసి పనిచేసిన హార్వే ఆల్టర్ అనే కుర్ర డాక్టర్, ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ వ్యక్తి రక్తంలో ఒక కొత్త ప్రోటీన్‌ని గమనించారు. అది హెపటైటిస్ బి వైరస్‌కి చెందినదని తర్వాత తేలింది. దానికి 1976లో బ్లంబర్గ్‌కి నోబెల్ వచ్చింది.

ఆల్టర్ మాత్రం అక్కడితో ఆగలేదు. అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌లో గుండె ఆపరేషన్లకి రక్తం ఎక్కించుకున్న పేషెంట్లని ఏళ్ల తరబడి ఫాలో అయ్యాడు. అప్పట్లో వాళ్లలో దాదాపు 30 శాతం మందికి హెపటైటిస్ వచ్చేది! పెద్ద కారణం ఏంటంటే, డబ్బులిచ్చి కొన్న రక్తం. 1970లో అక్కడ రక్తం కొనడం ఆపేసి, స్వచ్ఛందంగా ఇచ్చేవాళ్ల దగ్గరే తీసుకోవడం మొదలుపెట్టారు, బి టెస్ట్ కూడా పెట్టారు. ఆ 30 శాతం కాస్తా 10 శాతం దగ్గరికి పడిపోయింది. కొత్త మందు ఏమీ లేదు, రక్తం ఎక్కడి నుంచి వస్తోందో చూసుకున్నారంతే.

మరి మిగిలిన 10 శాతం సంగతేంటి? 1973లో ఎ వైరస్ దొరికింది. ఆల్టర్ దాచిపెట్టిన శాంపిల్స్‌ని దానికీ టెస్ట్ చేశారు. ఎ కాదు. బి కూడా కాదు. 1975లో ఆ రోగానికి ఒక వింత పేరు పెట్టారు: "నాన్ ఎ, నాన్ బి హెపటైటిస్". అంటే ఫలానా అని చెప్పలేక, ఫలానా కాదు అని పెట్టిన పేరన్నమాట. 1978లో పేషెంట్ల రక్తాన్ని చింపాంజీలకి ఎక్కిస్తే వాటికీ వచ్చింది. అంటే ఇది అంటువ్యాధే అని తేలిపోయింది. కానీ ఆ వైరస్‌ని ల్యాబ్‌లో పెంచడం ఎవరి వల్లా కాలేదు.

ఈలోపు "మేం కనిపెట్టాం" అని చాలా ల్యాబ్‌లు ముందుకొచ్చాయి. ఆల్టర్ దగ్గర ఒక పరీక్ష ఉండేది. రోగం ఉన్న రక్తం, లేని రక్తం కలిపి, పేర్లు తీసేసి కోడ్ నంబర్లు వేసి పంపేవాడు. ఏది ఏదో చెప్పండి చూద్దాం అనేవాడు. ఒక్కరూ పాస్ కాలేదు.

చివరికి పాస్ అయింది కాలిఫోర్నియాలోని కైరాన్ అనే కంపెనీ. అక్కడ మైకేల్ హాటన్, క్వి లిమ్ చూ, జార్జ్ కువో పనిచేసేవారు. సీడీసీ నుంచి డేనియల్ బ్రాడ్లీ వాళ్లకి చింపాంజీ శాంపిల్స్ ఇచ్చాడు. వీళ్లు వైరస్‌ని చూడటం మానేసి, దాని జన్యు ముక్కల కోసం వెతికారు. ఆ రక్తంలోని జన్యు పదార్థాన్ని ముక్కలు చేసి బ్యాక్టీరియాలో పెట్టారు. ఒక్కో ముక్క ఒక్కో చిన్న ప్రోటీన్ తయారు చేస్తుంది. పేషెంట్ రక్తంలో ఉండే యాంటీబాడీలని గాలంలా వేశారు. లక్షల ముక్కలు వెతికితే ఒకే ఒక్కటి గాలానికి తగిలింది! 1989లో ప్రపంచానికి చెప్పారు: ఇదే హెపటైటిస్ సి. 1990 నుంచి బ్లడ్ బ్యాంకుల్లో టెస్ట్ మొదలైంది. మన దేశంలో ఈ టెస్ట్ తప్పనిసరి అయ్యేసరికి 2000 దాటింది.

ఇంకో ప్రశ్న మిగిలింది. ఈ వైరస్ ఒక్కటే రోగం తెప్పించగలదా? చార్లెస్ రైస్ 1997లో లోపాలు సరిచేసిన వైరస్ ఆర్ఎన్ఏని చింపాంజీ లివర్‌లోకి ఎక్కించి, తెప్పించగలదని నిరూపించాడు. 1999లో జర్మనీలో రాల్ఫ్ బార్టెన్‌ష్లాగర్ టీమ్ ఆ ఆర్ఎన్ఏ ల్యాబ్ కణాల్లో పెరిగేలా చేసింది. అప్పటినుంచి మందులని ల్యాబ్‌లోనే పరీక్షించే వీలు వచ్చింది.

అంతకుముందు ట్రీట్‌మెంట్ ఎలా ఉండేదో తెలుసా? నెలల తరబడి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు, జ్వరాలు, డిప్రెషన్. ఇంత పడ్డా సుమారు సగం మందికే నయమయ్యేది. 2013 డిసెంబర్‌లో అమెరికాలో సోఫోస్బువిర్ అనే మాత్రకి అనుమతి వచ్చింది. ఇలాంటి మాత్రలు కలిపి 12 వారాలు వేసుకుంటే ఇప్పుడు 95 శాతం మందికి పైగా పూర్తిగా నయమవుతోంది.

కానీ రేటు వింటే కళ్లు తిరుగుతాయి. గిలియడ్ కంపెనీ ఒక్క మాత్రకి 1000 డాలర్లు పెట్టింది. మొత్తం కోర్సు 84,000 డాలర్లు, అప్పట్లో మన లెక్కలో దాదాపు 50 లక్షల రూపాయలు!

ఇక్కడ మన హైదరాబాద్ సీన్‌లోకి వస్తుంది. ఆ మందు పేటెంట్‌ని మన దేశంలో వ్యతిరేకించిన వాళ్లలో నాట్కో ఫార్మా ఒకటి. తర్వాత గిలియడ్‌తో లైసెన్స్ ఒప్పందం చేసుకుని, 2015 మార్చిలో 28 మాత్రల డబ్బాని 19,900 రూపాయల ఎంఆర్‌పీకి తెచ్చింది. హైదరాబాద్‌కే చెందిన హెటిరో కూడా లైసెన్స్ తీసుకుని తయారు చేసింది. పోటీ పెరిగి రేట్లు ఇంకా పడ్డాయి. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ట్రీట్‌మెంట్ సెంటర్లలో టెస్ట్, మందులు ఉచితం. జులై 28 అంటే బ్లంబర్గ్ పుట్టినరోజు, ప్రపంచ హెపటైటిస్ డే.

2020లో ఆల్టర్, హాటన్, రైస్‌లకి నోబెల్ వచ్చింది. హాటన్ గురించి ఒక మాట చెప్పాలి. 2013లో కెనడా వాళ్లు లక్ష డాలర్ల గేర్డ్‌నర్ అవార్డ్ ఇస్తామంటే ఆయన వద్దన్నాడు. చూ, కువో పేర్లు అందులో లేవని! నోబెల్ రూల్ ప్రకారం ముగ్గురికి మించి ఇవ్వరు. అందుకే ఆ రెండు పేర్లు మనమైనా గుర్తుపెట్టుకుందాం.

ఇంత జరిగినా కథ అయిపోలేదు. డబ్ల్యూహెచ్ఓ లెక్క ప్రకారం 2022లో సుమారు 5 కోట్ల మందికి హెపటైటిస్ సి ఉంది. ఆ ఒక్క ఏడాదే దాదాపు 2.4 లక్షల మంది చనిపోయారు. నయం చేసే మందు ఉంది, చాలామందికి రోగం ఉన్నట్టే తెలీదు. దీనికి వ్యాక్సిన్ కూడా లేదు.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లని అడగండి: ఎప్పుడో ఆపరేషన్‌కి రక్తం ఎక్కించారా? డయాలసిస్ జరుగుతోందా? ఒకే సూదితో నలుగురికి ఇంజెక్షన్ ఇచ్చే రోజుల్లో ఇంజెక్షన్లు చేయించుకున్నారా? మీరు టాటూ వేయించుకున్నప్పుడు కొత్త సూది వాడారా? ఏ ఒక్క డౌట్ ఉన్నా ఒక్కసారి యాంటీ హెచ్‌సీవీ టెస్ట్ చేయించండి. పాజిటివ్ వస్తే భయపడకండి. వైరస్ ఇంకా ఒంట్లో ఉందో లేదో ఆర్ఎన్ఏ టెస్ట్ చెబుతుంది. ఉంటే, మందు ఉంది. పసరు దగ్గరికి మాత్రం వెళ్లకండి.

ఈ ఎపిసోడ్‌ని మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. మళ్లీ కలుద్దాం.