ముట్టడి నగరంలో పొరుగమ్మ

యుద్ధ చరిత్రలు చదివేవారికి సేనాపతుల పేర్లు కంఠస్థమవుతవి. ఏ దుర్గం ఏనాడు పడినదో, ఏ నది ఒడ్డున ఎన్ని ఫిరంగులు మోహరించినవో పుస్తకం చూడకుండానే చెప్పగలము. ఆ దినాలలో పొయ్యి ఎవరు రాజేసినారు, నీరు ఎవరు మోసినారు, ఆకలితో ఏడ్చే బిడ్డను ఎవరు నిద్రపుచ్చినారు అన్న ప్రశ్నలకు మాత్రం ఆ గ్రంథాలలో తరచు జవాబు దొరకదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లెనిన్‌గ్రాడ్ నగరం అనుభవించిన ముట్టడిని ఈ దృష్టితో ఒకమారు పరిశీలింతము. రేడియోను ఇంటి మనిషిగా చూచుకొనే పాఠకులకు ఇందులో ప్రత్యేకమైన ఆసక్తి ఉండగలదు. ఆ నగరంలో స్త్రీకి స్త్రీ చెప్పిన ఊరట మాట రేడియో ద్వారా కూడ ఇల్లిల్లు చేరినది.

1941 జూన్ 22న జర్మనీ సోవియట్ దేశంపై దండెత్తినది. సెప్టెంబరు 8న, లదోగా సరస్సు నుండి నేవా నది వెలువడే చోట ఉన్న ష్లిస్సెల్‌బుర్గ్ పట్టణం శత్రువుల వశమైనది. దానితో నగరానికి భూమార్గాలన్నీ మూసుకొనిపోయినవి. ఆనాడే బాంబుల తాకిడికి బదాయెవ్ గిడ్డంగులలోని ఆహార పదార్థాలు దగ్ధమైనవి. లోపల చిక్కుకొన్నవారు సుమారు 25 లక్షలు. మగవారిలో చాలామంది యుద్ధరంగానికి తరలిపోగా, మిగిలినవారిలో స్త్రీలు, పిల్లలు, వృద్ధులు ఎక్కువ. 1944 జనవరి 27న ఆ ముట్టడి పూర్తిగా తొలగినది. అంతవరకు గడచినవి 872 దినాలు.

రేషను కార్డు మన గృహిణులకు కొత్త వస్తువు కాదు. లెనిన్‌గ్రాడ్ కార్డులలో జనాన్ని నాలుగు తరగతులు చేసినారు: కార్మికులు, ఉద్యోగులు, పిల్లలు, పోష్యులు. పోష్యులనగా ఇతరుల సంపాదనపై బ్రతికేవారని అర్థం. బయట కొలువు లేని ఇల్లాలు ఈ చివరి తరగతిలో చేరినది. 1941 నవంబరు 20 నుండి డిసెంబరు 25 వరకు కార్మికునికి దినానికి 250 గ్రాముల రొట్టె. తక్కిన మూడు తరగతులకు 125 గ్రాములు. పాత లెక్కన అది పదకొండు తులాలైనా కాదు. అందులోనూ పిండి కొంత, పొట్టు కొంత, కొయ్య నుండి తీసిన పీచు కొంత.

ఈ పోష్యురాలు చేసిన పని ఏమిటి? తెల్లవారక ముందే చీకటిలో, సున్నకు 30 డిగ్రీల దిగువకు జారిన చలిలో, రొట్టె దుకాణం ముందు వరుసలో నిలిచినది. కుళాయిలు గడ్డకట్టిపోగా నేవా నదిపై మంచుకు రంధ్రం చేసి బిందెతో నీరు తోడినది. పిల్లలు ఆడుకొనే మంచుబండి మీద ఆ నీటిని ఇంటికి లాగినది. కుర్చీలు, బల్లలు, చివరకు పుస్తకాలు సైతం చిన్న ఇనుప పొయ్యిలో వేసి గది వెచ్చచేసినది. వడ్రంగుల జిగురును ఉడికించి పులుసు అని పేరు పెట్టి బిడ్డల ముందుంచినది. ఇల్లంతా ఆమెపై ఆధారపడియుండగా, కార్డు మాత్రం ఆమెనే ఆధారపడినదానిగా వ్రాసినది.

ఆ నగరంలో అనేక కుటుంబాలు ఒకే వాటాలో, గదికొక సంసారంగా ఉండి, ఒకే వంటయింటిని పంచుకొనేవి. శాంతికాలంలో ఆ వంటయింట ఇరుగమ్మకూ పొరుగమ్మకూ తగవులు రాకపోలేదు. ఆ శీతకాలంలో కట్టెలు కలిసివస్తవని రెండు మూడు కుటుంబాలు ఒకే గదిలోకి చేరినవి. లేవలేని పొరుగమ్మ కార్డు తీసుకొనిపోయి ఆమె రొట్టె తెచ్చి యిచ్చినవారున్నారు. తల్లి పోయిన బిడ్డను తమ బిడ్డల నడుమ పడుకోబెట్టుకొన్నవారున్నారు. నీరు లాగిన మంచుబండి మీదనే పక్కింటి శవాన్ని శ్మశానానికి లాగినవారున్నారు. అందరూ ఇట్లే ప్రవర్తించినారనుట సత్యం కాదు. కార్డులు దొంగిలించినవారు, ఇతరుల రొట్టె లాగుకొని తిన్నవారు కూడ ఆ నగరంలోనే ఉన్నారు. మరొకరికి చెందిన ముక్కను అంటకుండా తెచ్చి యిచ్చుట ఎంతటి కార్యమో దీనినిబట్టి ఊహించవచ్చును.

యుద్ధారంభంలోనే ప్రభుత్వం ప్రజల రేడియో సెట్లను స్వాధీనం చేసుకొన్నది. తీగెల ద్వారా కేంద్రానికి కలిపిన ధ్వనిపెట్టెలు మాత్రం గోడలపై మిగిలినవి. ప్రసారం లేని వేళ సంగీత విద్యార్థులు తాళానికి వాడే మెట్రోనోమ్ చప్పుడు వాటిలో వినిపించేది. నెమ్మదిగా కొట్టితే క్షేమం. వడిగా కొట్టితే విమానాలు వస్తున్నవని అర్థం. ఆ చప్పుడు వినవచ్చినంతసేపు నగరం బ్రతికియున్నదని జనం నమ్మినారు. రేడియోలో పనిచేసే మాకు ఈ మాట తలచినపుడు మన వృత్తి ఎంత బరువైనదో తెలిసివస్తుంది.

ఆ పెట్టెలలో తరచు వినిపించిన కంఠం ఓల్గా బెర్గోల్త్స్ అనే కవయిత్రిది. 1910లో జన్మించిన ఈమె అంతకు ముందే ఇద్దరు కుమార్తెలను పోగొట్టుకొన్నారు. 1938 డిసెంబరులో తప్పుడు ఆరోపణపై అరెస్టు కాగా, కడుపులోని బిడ్డ కూడ చెరసాలలో దక్కలేదు. 1939లో విడుదలైనారు. ముట్టడిలో, 1942 జనవరిలో, భర్త నికొలాయ్ మోల్చనోవ్ మరణించినారు. అయినను ఆమె రేడియో భవనం విడువలేదు. 1941 డిసెంబరులో ఆమె వ్రాసిన ఒక కవిత దార్యా వ్లాస్యెవ్నా అనే పొరుగమ్మతో సంభాషణ రూపంలో నడుస్తుంది. వీరవనితలను గాక, ఒకే వాటాలో నివసించే సామాన్య గృహిణిని పేరుపెట్టి పిలిచి, పక్కన కూర్చుండబెట్టుకొని మాట్లాడిన కవిత అది. విన్న ప్రతి యిల్లాలికి తన పేరే పిలిచినట్లు తోచియుండును.

అంతకు ముందు సెప్టెంబరులో ఓల్గాయే మరొక కవయిత్రి ప్రసంగాన్ని రేడియో కొరకు వ్రాసుకొన్నారు. ఆమె అన్నా అఖ్మతోవా. అప్పటికి ఆమె వయస్సు 52 సంవత్సరాలు. ఇసుక సంచులు కుట్టి, ముఖానికి విషవాయు కవచం సిద్ధంగా ఉంచుకొని, తామున్న భవనపు ద్వారం వద్ద కాపలా కాసినారు. నగర స్త్రీలను ఉద్దేశించి ఆమె మాట్లాడినారు. ఆ నెలాఖరున ఆమెను విమానంలో తరలించినారు. 1946 ఆగస్టులో ప్రభుత్వపక్షం అఖ్మతోవాను బహిరంగంగా నిందించగా, చాలామంది ముఖం చాటు చేసినారు. ఓల్గా ఆ స్నేహాన్ని విడువలేదు. బాంబుల కాలంలో నిలిచిన స్నేహానికి శాంతికాలంలో వచ్చిన ఈ పరీక్ష తక్కువది కాదు.

1942 వసంతంలో మంచు కరుగనారంభించినది. వీధులలో పేరుకొన్న మలినం వలన అంటువ్యాధులు వ్యాపించునని భయం. మార్చి చివరి నుండి సుమారు 3 లక్షలమంది పారలు, గునపాలు పట్టి నగరాన్ని శుభ్రపరచినారు. వారిలో అత్యధికులు నిలుచుటకే ఓపిక లేని స్త్రీలు. ఏప్రిల్ 15న ట్రాములు మరల కదలినవి.

ఈ కథను నలుగురికి చెప్పుట కూడ సులభం కాలేదు. 1942 మార్చిలో ఓల్గా మాస్కో వెళ్లినపుడు, లెనిన్‌గ్రాడ్ ఆకలిని గురించి రేడియోలో ఉన్నదున్నట్లు చెప్పుటకు అనుమతి దొరకలేదు. ఆమె తిరిగి ముట్టడిలోనికే వచ్చినారు. యుద్ధానంతరం స్థాపించిన నగర రక్షణ మ్యూజియమును 1949లో మూసివేసినారు. అది మరల తెరచుకొన్నది 1989లో. 1975లో మరణించిన ఓల్గా రహస్యంగా వ్రాసుకొన్న దినచర్య పూర్తిగా వెలుగు చూచినది ఆమె అనంతరమే.

మృతుల సంఖ్య 6,32,000 అని నూరెంబర్గ్ విచారణలో తెలిపినారు. తరువాతి చరిత్రకారులు 8 లక్షలకు పైగా లెక్కించినారు. వారిలో అత్యధికులు ఆకలిచేతనే మరణించినారు. సుమారు 4,90,000 మంది పిస్కర్యోవ్ శ్మశానవాటికలో నిద్రిస్తున్నారు. 1960 మే 9న ప్రారంభమైన అక్కడి స్మారకపు గోడమీద ఓల్గా వాక్యాలే చెక్కియున్నవి. ఉమ్మడి సమాధులపై పేర్లు లేవు. ఒక్కొక్క రాతిపై సంవత్సరం, సైనికులైతే నక్షత్రం, పౌరులైతే సుత్తి కొడవలి గుర్తు. ఎవరు కార్మికులో, ఎవరు పోష్యులో ఆ రాళ్లపై వ్రాయలేదు.